కర్మాగారంలో కబురు తీగ - పిడుగుల నుండి దాని సంరక్షణ

తొలకరి ఉరుము వినగానే రైతు ఆకాశం వైపు చూస్తాడు. కర్మాగారంలో కొలత పరికరాలు చూసుకొనే ఉద్యోగి అదే ఉరుము విని కంట్రోల్ రూమ్‌లోని తెర వైపు చూస్తాడు. ట్యాంకులో మట్టం ఎంత, గొట్టంలో పీడనం ఎంత, కొలిమిలో ఉష్ణోగ్రత ఎంత అన్న కబుర్లు ఆ తెర మీదికి వస్తున్నంతసేపు అతనికి నిబ్బరంగా ఉంటుంది. కబురు ఆగిన క్షణం నుండి ఆ ట్యాంకు నిండుతున్నదో, పొంగుతున్నదో చెప్పగలవారు ఎవరూ ఉండరు.

భాషాసాహిత్యాలు బోధించే మేము ఇట్టి విషయంపై కలం పట్టడం కొందరికి వింతగా తోచవచ్చు. కారణం చెప్పుకొంటాము. మా కళాశాలలో ఇంటర్మీడియేట్ చదివి, పిమ్మట డిప్లొమా పూర్తిచేసి, కోస్తాలోని ఒక రసాయన కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌గా చేరిన పూర్వ విద్యార్థి ఒకరు రంజాన్ సెలవులలో మమ్మల్ని చూడవచ్చాడు. మనిషి దిగులుగా ఉన్నాడు. మంచు పడిన ఉదయాలలో రెండు ట్యాంకుల మట్టం చూపే అంకెలు తెర మీద కొన్ని క్షణాలు మాయమై మళ్లీ వస్తున్నాయట. స్క్రూలు సరిగా బిగించలేదని పై అధికారులు అతనిని సంజాయిషీ అడిగారు. "రాసివ్వడానికి మాటలున్నాయి సార్, చూపించడానికి ఆధారమే లేదు" అన్నాడు. అతడు నిర్దోషి అని తేలడానికి ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాలలో అతని వద్ద మేము నేర్చుకొన్నదే ఈ వ్యాసం.

ముందుగా ఫీల్డ్‌బస్ అంటే ఏమిటో చెప్పుకోవాలి. కర్మాగారపు పరిభాషలో కంట్రోల్ రూమ్ వెలుపల యంత్రాలు, గొట్టాలు, ట్యాంకులు ఉన్న ప్రదేశమంతా 'ఫీల్డ్'. అక్కడి పరికరాల నుండి లోపలికి కబురు తేవడానికి ఒకప్పుడు సన్నని గొట్టాలలో గాలి పీడనాన్ని వాడేవారు. పిదప విద్యుత్తు వచ్చింది. ఒక్కొక్క పరికరానికి ఒక్కొక్క జత తీగలు. కొలత సున్న అయితే 4 మిల్లీ ఆంపియర్లు, నిండుగా ఉంటే 20. సున్నకు సున్న పెట్టక 4 పెట్టడంలో పెద్దల తెలివి ఉన్నది. తీగ తెగితే ప్రవాహం నిజంగా సున్న అవుతుంది. అప్పుడు అది ఖాళీ ట్యాంకు కాదు, తెగిన తీగ అని వెంటనే తెలిసిపోతుంది. తీగ తన క్షేమ సమాచారం తానే చెప్పుకోవడం ఆనాటి నుండే ఉన్నదన్నమాట.

ఫీల్డ్‌బస్ పద్ధతిలో పరికరానికొక జత తీగలు అక్కరలేదు. ఒకే జత తీగల మీద అనేక పరికరాలు కొమ్మలవలె వ్రేలాడుతాయి. 'బస్' అన్న మాట 'అందరి కొరకు' అనే అర్థం గల లాటిన్ పదం 'ఆమ్నిబస్' తోక. మనం ఎక్కే బస్సుకూ ఆ పేరే. ఆ జత తీగల మీదనే పరికరాలకు విద్యుత్తూ పోతుంది, కబురూ వస్తుంది. ప్రొఫిబస్ పీఏ, ఫౌండేషన్ ఫీల్డ్‌బస్ అనేవి ఈ కోవకు చెందిన రెండు ప్రసిద్ధ పద్ధతులు. రెండింటిలోనూ కబురు వేగం సెకనుకు 31,250 బిట్లు. మేలురకం కేబుల్ అయితే మొత్తం పొడవు 1,900 మీటర్ల దాకా ఉండవచ్చు. తీగ మీద విద్యుత్తు 9 నుండి 32 వోల్టుల వరకు. దానిమీద తేలియాడే కబురు మాత్రం ఒక్క వోల్టు కంటె తక్కువ. తీగకు రెండు కొసలా నూరేసి ఓముల నిరోధం గల టెర్మినేటర్ అనే చిన్న సాధనం ఉండాలి. లేకపోతే కబురు కొసను తాకి ప్రతిధ్వనివలె వెనుకకు మళ్లుతుంది.

ఇందులో లాభం ఎంతో ఉన్నది గాని, చిక్కు కూడా ఇక్కడే ఉన్నది. పాత పద్ధతిలో ఒక తీగ పోతే ఒక పరికరమే మూగబోయేది. ఇప్పుడు ప్రధాన తీగకు ప్రమాదం వస్తే పది పన్నెండు పరికరాలు ఒకేసారి నోరు మూస్తాయి.

ఆ ప్రమాదాలలో ఘనమైనది పిడుగు. మన ప్రాంతానికి ఇది దూరపు మాట కాదు. 2018 ఏప్రిల్ 24వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు పడినట్లు రాష్ట్ర విపత్తు నిర్వహణాధికారులు ప్రకటించారు. పిడుగు తీగ మీదనే పడనక్కరలేదు. సమీపంలో పడినా చాలు, తీగలో క్షణకాలం విపరీతమైన వోల్టేజి పుడుతుంది. దీనినే సర్జ్ అంటారు. తెలుగులో 'విద్యుదుప్పెన' అంటే సరిగ్గా అతుకుతుందని మా అభిప్రాయం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను ఎరిగినవారికి ఆ మాట బరువు వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ ఉప్పెన ఎట్లా పుడుతుంది? సాధారణమైన పిడుగులో సుమారు 30,000 ఆంపియర్ల ప్రవాహం ఉంటుంది. అది ట్యాంకు దగ్గర భూమిలోకి దిగిందనుకొందాము. అక్కడి ఎర్తింగ్ నిరోధం 10 ఓములైతే, మొత్తం ప్రవాహం ఆ దారినే పోయిన పక్షంలో, ఆ చోట భూమి విద్యుత్ మట్టం 3,00,000 వోల్టులకు లేస్తుంది. నిజానికి ప్రవాహం అనేక దారులుగా చీలిపోతుంది కాబట్టి అంత లేవదు. అయినా అందులో నూరవ వంతు చాలు. అర కిలోమీటరు దూరాన ఉన్న కంట్రోల్ రూమ్ కింది నేల మాత్రం లేవకుండా తన మట్టంలోనే ఉంటుంది. ఈ రెండు నేలలనూ కలుపుతున్నది మన కబురు తీగ. పరికరం లోపలి ఇన్సులేషన్ సాధారణంగా 500 వోల్టుల పరీక్షకు నిలిచేది. వేల వోల్టులు వచ్చి పడితే అది ఎంతసేపు ఆగుతుంది?

ఇట్టి సమయంలో ఆదుకొనేది సర్జ్ ప్రొటెక్టర్, అనగా ఉప్పెన రక్షకం. పిల్లలకు చెప్పవలసి వస్తే మేము చెరువు అలుగును చూపిస్తాము. చెరువులో నీరు హద్దులో ఉన్నంతవరకు అలుగుకు పని లేదు. హద్దు మీరిన నీటిని అది పక్కకు వదిలి కట్టను కాపాడుతుంది. రక్షకం కూడా మామూలు వేళలలో తీగ పక్కన ఊరక ఉంటుంది. వోల్టేజి హద్దు మీరగానే దానిని భూమిలోకి వదలిపెడుతుంది.

దీనిలో రెండు అంచెలున్నవి. మొదటిది వాయునాళిక: పింగాణీ గొట్టంలో వాయువు నింపి ఇరువైపులా ధ్రువాలు అమర్చిన సాధనం. వేల ఆంపియర్లను భరించగలదు గాని, మేలుకోవడం కొంచెం ఆలస్యం. రెండవది ఒక జాతి డయోడ్. నానో సెకన్ల లెక్కన మేలుకొంటుంది గాని, ఎక్కువ బరువు మోయలేదు. రెండింటి మధ్య ఒక చిన్న నిరోధకం పెడతారు. ఉప్పెన రాగానే డయోడ్ ముందు నిలిచి ఆపుతుంది. ఆ ప్రవాహం వల్ల నిరోధకం మీద వోల్టేజి పెరిగి వాయునాళికను మేలుకొల్పుతుంది. ఆ తరువాత భారమంతా నాళికదే. ఇదంతా జరగడానికి పట్టే కాలం కనురెప్ప పాటులో వేల వంతు కూడా ఉండదు. ఈ సాధనం కబురుకు మాత్రం అడ్డు రాకూడదు. ఒక్కొక్క రక్షకం తీగకు కొంత కెపాసిటెన్స్‌ను కలుపుతుంది. లెక్క చూడక డజను రక్షకాలు తగిలిస్తే ఆ ఒక్క వోల్టు కబురు నీరసించిపోతుంది.

అమర్చడంలో జరిగే ఒక పొరపాటును గురించి మా విద్యార్థి పదే పదే చెప్పాడు. రక్షకం నుండి ఎర్తింగ్‌కు పోయే తీగ పొట్టిగా ఉండాలి. మీటరు పొడవు తీగకు సుమారు ఒక మైక్రో హెన్రీ ఇండక్టెన్స్ ఉంటుంది. పది మైక్రో సెకన్లలో 10,000 ఆంపియర్లు ఎక్కే ఉప్పెనకు ఆ మీటరు తీగ మీదనే 1,000 వోల్టులు నిలుస్తాయి. అనగా ఖరీదైన రక్షకం కొని, దాని ఎర్తింగ్ తీగను చూడముచ్చటగా చుట్టలు చుట్టి పెట్టెలో అమర్చితే రక్షణను చేతులారా పాడుచేసుకొన్నట్లే. చాలాచోట్ల ఆ చుట్టనే అందమైన పనితనంగా మెచ్చుకొంటారట! రక్షకం రెండు కొసలా ఉండాలన్నది మరొక నియమం. కంట్రోల్ రూమ్ కొసన ఒకటి పెట్టి ఊరుకొంటే ఫీల్డ్‌లోని పరికరానికి దిక్కుండదు.

ఇంతవరకు బాగానే ఉన్నది. కాని రక్షకం చిరంజీవి కాదు. ఒక్కొక్క ఉప్పెన దాని ఆయువులో కొంత తీసుకుపోతుంది. మెరుపు పుట్టినప్పుడెల్లా వాయునాళికలోని ధ్రువాల లోహం సూక్ష్మంగా ఎగిరి లోపలి గోడలకు అంటుకొంటుంది. కొంతకాలానికి మామూలు వేళలలో కూడా విద్యుత్తు దాని గుండా భూమిలోకి కారనారంభిస్తుంది. కొన్నిరకాల రక్షకాలు చచ్చిపోతూ తీగను తెంచుతాయి, అప్పుడైనా తెలుస్తుంది. మరికొన్ని తీగను అట్లే ఉంచి రక్షణను మాత్రం ఉపసంహరించుకొంటాయి. బయటినుంచి చూస్తే రెండూ పెట్టెలో బుద్ధిగా కూర్చున్నట్లే కనిపిస్తాయి.

కాబట్టి రక్షణ ఉంటే చాలదు, రక్షణ ఉన్నదన్న కబురు కూడా ఉండాలి. ఉర్దూ విద్యార్థులకు ఇది సులభంగా పట్టుబడుతుంది. తెలుగులో మనం వాడే 'కబురు' వారి 'ఖబర్' నుండి వచ్చినదే. 'ఖబర్దార్' అని హెచ్చరించినప్పుడు దాని అసలు అర్థం 'ఖబర్ కలవాడు', అనగా సంగతి తెలిసినవాడు. అలుగు కట్టి ఊరుకోక, వానాకాలం రాత్రులందు లాంతరు పట్టుకొని కట్ట మీద తిరిగే నీరటివాడిని కూడా మన పెద్దలు నియమించుకొన్నారు గదా!

ఫీల్డ్‌బస్‌లో ఆ నీరటివాడి పని చేసేది రోగనిర్ణయ పర్యవేక్షణ సాధనం. విద్యుత్ సరఫరా పెట్టెలోనే దీనిని అమరుస్తారు. అది చూసే కొలతలు కొన్నే. ఒక్కొక్క పరికరం పలికే కబురు బలం 750 నుండి 1,000 మిల్లీ వోల్టుల ప్రాంతంలో ఉండాలి. 150కి దిగితే వినేవారికి వినిపించదు. కబురు విపరీతంగా బలపడితే ఒక టెర్మినేటర్ ఊడిపోయినట్లు, మూడవ వంతు తగ్గితే ఎవరో పొరపాటున అదనంగా మూడవది పెట్టినట్లు అనుమానించవచ్చు. వట్టి రొద 75 మిల్లీ వోల్టులు దాటరాదు. ఒక్కొక్క బిట్‌కు 32 మైక్రో సెకన్ల కాలం ఉంటుంది. అందులో తడబాటు పదవ వంతును మించరాదు. వీటన్నిటి కంటె విలువైన కొలత మరొకటి ఉన్నది. రెండు తీగలలో ఏ ఒక్కటైనా భూమి వైపు వాలుతున్నదా అన్నది.

మా విద్యార్థి కథ ఈ చివరి కొలత దగ్గరనే ముడి విడిపోయింది. ఫీల్డ్‌బస్ తీగలు రెండూ భూమితో సంబంధం లేకుండా ఉంటాయి. ఒక తీగ ఒకచోట భూమిని తాకినా కబుర్లు ఆగవు. రొద కొంచెం పెరుగుతుంది, అంతే. మొదటి తప్పు మూగది. రెండవ తీగ ఇంకొకచోట భూమిని తాకినప్పుడు గాని రోగం బయటపడదు. ఆ కర్మాగారంలో పర్యవేక్షణ సాధనం లేదు. ఎంతో ప్రాధేయపడిన మీదట ఒకదానిని అరువు తెచ్చి నాలుగు రోజులు తగిలించారు. ధన తీగ పగలూ రాత్రీ భూమి వైపు వాలే ఉన్నదని అది చూపింది. ఒక్కొక్క కొమ్మనూ విప్పుతూ పోగా, ఆరేళ్ల క్రితం అమర్చిన ఒక రక్షకం దగ్గర ఆ వాలు పోయింది. ఎన్ని పిడుగులను మింగిందో గాని, దాని నాళిక కారిపోతున్నది. ఇక రుణ తీగ? మరొక జంక్షన్ బాక్స్ మూతకు రబ్బరు వాషర్ చీలి, మంచు పడిన ఉదయాలలో లోపల చెమ్మ చేరుతున్నది. రెండూ కలిసిన క్షణాలలో కబురు భూమి పాలవుతున్నది. ఎండ ఎక్కగానే చెమ్మ ఆరి అంతా సవ్యం! స్క్రూల బిగువుకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. "రక్షకం ఉన్నదని అందరం నిశ్చింతగా ఉన్నాం సార్, అది బతికి ఉన్నదో లేదో ఎవరం చూడలేదు" అన్నాడతడు. సంజాయిషీ పత్రాన్ని అధికారులు వెనుకకు తీసుకొన్నారు.

ఆ కొన్ని క్షణాలలో ట్యాంకు పొంగలేదు, అది అదృష్టం. ఇట్టి చోట్ల అదృష్టం కలిసిరాకపోతే ఏమవుతుందో తెలియడానికి వేల్స్ దేశంలోని మిల్‌ఫర్డ్ హేవెన్ చమురుశుద్ధి కర్మాగారపు ఉదంతం చదవాలి. 1994 జూలై 24 ఆదివారం ఉదయం అక్కడ పిడుగుల వాన పడింది. ఒక విభాగంలో మంటలు లేచాయి, మిగిలిన విభాగాలు అతలాకుతలమయ్యాయి. పేలుడు మాత్రం అప్పుడు జరగలేదు. దాదాపు అయిదు గంటల తరువాత, మధ్యాహ్నం 1 గంట 23 నిమిషాలకు జరిగింది. ఒక వాల్వ్ మూసుకొని ఉండగా కంట్రోల్ రూమ్ తెర మాత్రం తెరిచి ఉన్నట్లు చూపింది. బయటికి దారి లేని పాత్రలోకి ద్రవం ఎక్కుతూనే పోయింది. చివరకు సుమారు 20 టన్నుల హైడ్రోకార్బన్లు బయటపడి అంటుకొన్నాయి. 26 మంది గాయపడ్డారు. అది ఫీల్డ్‌బస్ కర్మాగారం కాదు; ఫీల్డ్‌బస్ వాల్వ్ అయితే తాను నిజంగా ఎంత తెరుచుకొన్నదీ అదే తీగ మీద తిరిగి చెప్పగలదు. అక్కడ పిడుగు చేసిన చేటు కంటె తప్పుడు కబురు చేసిన చేటు పెద్దది.

అదే ఉదంతంలో దీనికి ఎదురు పాఠం కూడా ఉన్నది. పేలుడుకు ముందటి 11 నిమిషాలలో ఇద్దరు ఆపరేటర్ల మీద 275 హెచ్చరికలు వచ్చి పడ్డాయి. ఏది వినాలి? ఏది వదలాలి? పర్యవేక్షణ సాధనం కొన్నవారు ప్రతి చిన్న రొదకూ గంట మోగేటట్లు అమర్చుకొంటే అది ఆ 275కు మరికొన్ని చేర్చడమే. రక్షకం అరుగుదల వంటి సంగతులు మరమ్మతు విభాగపు పట్టికలోకి పోవాలి గాని, ఆపరేటర్ చెవిలో మోగరాదు. ఈ విషయంలో సాధనం అమ్మేవారి మాట కంటె దానితో పనిచేసేవారి మాటకే మేము విలువ ఇస్తాము.

నేడు కొన్ని రక్షకాలు తమ అరుగుదలను అదే తీగ ద్వారా తామే తెలుపుకొంటున్నవి. 2021లో ఈథర్నెట్ ఏపీఎల్ అనే కొత్త పద్ధతి వెలువడింది. రెండు తీగల మీదనే సెకనుకు కోటి బిట్లు పంపగలదు, ప్రధాన తీగ వెయ్యి మీటర్ల దాకా పోవచ్చు. కబురు వేగం పెరిగింది గాని, తీగ పోవలసింది మాత్రం ఆ ఆరుబయటనే, ఆ ఆకాశం కిందనే.

మా విద్యార్థి ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకొన్నాడు. మే నెలాఖరులోగా ప్రతి కొమ్మ దగ్గర కబురు బలం, రొద, భూమి వైపు వాలు కొలిచి ఒక పుస్తకంలో రాసుకొంటాడు. పెద్ద ఉరుముల వాన వెలిసిన మరునాడు మళ్లీ కొలిచి, పాత అంకెల పక్కన కొత్త అంకెలు వేస్తాడు. అంకెలు కదిలిన చోట రక్షకం మార్పిస్తాడు. ఆ పుస్తకంలో గడుల పేర్లు తెలుగులో ఉన్నవి; పక్కనే అతని తోటి టెక్నీషియన్ కోసం ఉర్దూలో కూడా రాసి ఉన్నవి.