ఊరి టవరు 4జికి మారినప్పుడు రైతు తెలిసికొనవలసిన సంగతులు

నేడు సేద్యమునకు కావలసిన సమాచారము చాలవరకు సెల్‌ఫోను ద్వారానే వచ్చుచున్నది. వాన సూచన, మార్కెట్టు ధర, తెగులు సోకిన ఆకు ఫొటోకు నిపుణుని సలహా, ప్రభుత్వ పథకములకు వేలిముద్ర లేక ఓటీపీ నమోదు, ఇవన్నియు డేటా సేవపై ఆధారపడియున్నవి. బోరుబావి మోటారును ఇంటినుండియే నడుపు మొబైలు స్టార్టరు కూడ సిమ్ము కార్డుతోనే పనిచేయును. కనుక ఫోను కంపెనీ తన టవర్లను వేగమైన సేవకు మార్చునప్పుడు ఆ మార్పు మన పొలమువరకు వచ్చునని గ్రహింపవలెను.

2025 సెప్టెంబరు 27వ తేదీన ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రధానమంత్రి బి.ఎస్.ఎన్.ఎల్. సంస్థయొక్క స్వదేశీ 4జి సేవను ప్రారంభించిరి. 97,500కు పైగా టవర్లను ఆనాడు జాతికి అంకితము చేసిరి. ఈ సేవకు రేడియో పరికరములను తేజస్ నెట్‌వర్క్స్, కోర్ యంత్రాంగమును ప్రభుత్వ సంస్థయైన సి-డాట్ తయారుచేయగా, టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వానిని ఒకటిగా కూర్చినది. ప్రైవేటు కంపెనీలు ఈ మార్గమున ముందే నడచినవి. 4జి మన దేశమున 2012 ఏప్రిల్‌లో కలకత్తాలో ఎయిర్‌టెల్ ద్వారా మొదలైనది. 2016 సెప్టెంబరులో జియో 2జి, 3జి లేకుండ 4జితోనే వచ్చినది. 5జి సేవ 2022 అక్టోబరు 1న ఆరంభమైనది.

అయినను "మా ఊళ్ళో 4జి వచ్చినదన్నారు, ఫొటో మాత్రము పోవుట లేదు" అని పలువురు రైతులు అడుగుచున్నారు. దీనికి కారణములను తెలిసికొన్నచో పరిష్కారము కూడ తెలియును.

కాలువ వెడల్పు, బండి బరువు

రేడియో తరంగములలో ఒక్కొక్క కంపెనీకి ప్రభుత్వము కొంత వెడల్పు కేటాయించును. దీనిని కాలువ వెడల్పుగా భావింపవచ్చును. 2జిలో ఒక్కొక్క పాయ వెడల్పు 0.2 మెగాహెర్ట్జులు మాత్రమే. ఆ పాయను 8 వంతులుగా పంచి మాటలకు, డేటాకు వాడుదురు. 3జిలో పాయ వెడల్పు 5 మెగాహెర్ట్జులు. 4జిలో ఒక పాయ 20 వరకు, 5జిలో 3,300 మెగాహెర్ట్జుల పైనున్న తరంగములలో 100 వరకు ఉండవచ్చును.

రెండు యాంటెన్నాల సామాన్యమైన 4జి ఫోనుకు 20 మెగాహెర్ట్జుల పాయలో లెక్క ప్రకారము సెకనుకు 150 మెగాబిట్ల వరకు వచ్చును. 5 మెగాహెర్ట్జులే ఉన్నచో సుమారు 37 మెగాబిట్లు వచ్చును. ఇది ఒక్కరికి వచ్చునది కాదు, ఆ పాయలోనివారందరు పంచుకొనవలసినది. సాయంకాలము 50 మంది ఒకేసారి సినిమా చూచుచున్నచో ఒక్కొక్కరికి ముక్కాలు మెగాబిట్టు దక్కును. కాలువ చివరి భూముల కష్టము ఎరిగినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు.

వెడల్పుతోపాటు బరువు లెక్క కూడ కలదు. గట్టి బాటపై ఎడ్లబండికి నిండు బరువు వేయుదుము; బురదలో సగము తగ్గింతుము. టవరు కూడ అట్లే చేయును. సిగ్నలు బాగున్న ఫోనుకు ఒక్కొక్క సంకేతములో 6 బిట్లు ఎక్కించి పంపును. దూరముననున్న ఫోనుకు 2 బిట్లే పంపును. అందుచే దూరపు ఫోనుకు అదే ఫొటో పంపుటకు ఎక్కువ వంతులు పట్టును. మిగిలినవారి వేగము కూడ తగ్గును.

ఒక లెక్క

బిట్టు వేరు, బైటు వేరు. 8 బిట్లు ఒక బైటు. వేగమును బిట్లలోను, ఫొటో పరిమాణమును బైట్లలోను చెప్పుదురు. 2 మెగాబైట్ల ఆకు ఫొటో 16 మెగాబిట్లగును. 2జిలో సెకనుకు 100 కిలోబిట్లు నడచినచో ఇది చేరుటకు 160 సెకనులు, అనగా 2 నిమిషముల 40 సెకనులు పట్టును. ఈలోగా సిగ్నలు తెగినచో మరల మొదటికి రావచ్చును. సెకనుకు 2 మెగాబిట్లయినచో 8 సెకనులు చాలును.

వీడియో బాగుగా వచ్చుచున్నను ఫొటో పోకపోవుటకు వేరొక కారణము కూడ కలదు. టవరుపై రేడియో పదుల వాట్ల శక్తితో మాటాడును. 4జి ఫోను తిరిగి చెప్పునది గరిష్ఠముగా 0.2 వాట్లతో. ఆ మాట మనకు వినబడినను మన మాట దానికి వినబడకపోవచ్చును. కావున ఫొటోను పల్లపు పొలములోనుండి కాక, గట్టు లేక మేడపైనుండి పంపవలెను. ఫొటో పరిమాణమును తగ్గించి పంపినను మేలే.

తక్కువైనదే హద్దు

నత్రజని ఎంత వేసినను జింకు లోపించిన చేనులో దిగుబడి పెరుగదు. లోపించిన పోషకమే దిగుబడికి హద్దు. నెట్‌వర్కు విషయమున కూడ ఈ సూత్రమే వర్తించును. వేగము ఐదింటిపై ఆధారపడును.

1. టవరుపై రేడియో: పాత పరికరమును తీసి 4జి పరికరము పెట్టవలెను.

2. టవరునుండి పట్టణమునకు దారి: ఇది ఆప్టికల్ ఫైబరు తీగ లేక మైక్రోవేవు డిష్షు. పిల్లకాలువను వెడల్పు చేసి, పెద్దకాలువను పూడికతో విడిచినచో నీరు పెరుగదు. టవరు క్రొత్తదైనను వేగము రాకుండుటకు చాలచోట్ల ఇదియే కారణము. పంచాయతీలకు ఫైబరు వేయు భారత్‌నెట్ పథకము 2011లో మంజూరైనది ఇందుకొరకే.

3. కరెంటు: టవరుకు బ్యాటరీలుండును. అవి పాతబడినచో కరెంటు పోయిన కొంతసేపటికి సిగ్నలు కూడ పోవును. ఇట్లు జరుగుచున్నచో సమయములను వ్రాసియుంచి ఫిర్యాదులో తెలుపవలెను.

4. సిమ్ము: 2జి లేక 3జి కాలపు సిమ్ముతో 4జి రాదు. ఆధారుతో కంపెనీ కార్యాలయమునకు వెళ్ళి, అదే నంబరుపై 4జి సిమ్ము తీసికొనవలెను.

5. ఫోను: 4జి ఫోనులన్నియు అన్ని తరంగములను పట్టవు. బి.ఎస్.ఎన్.ఎల్. 4జి సేవ 700, 2100 మెగాహెర్ట్జులలో నడచుచున్నది. 700ను బ్యాండు 28 అందురు. క్రొత్త ఫోను కొనునప్పుడు ఈ బ్యాండు కలదా అని అడుగవలెను. సెట్టింగులలో 4జి, వోల్టె రెండును తెరచియున్నవో లేదో చూచుకొనవలెను.

తోటలు, దూరము

తరంగముల సంఖ్య ఎంత తక్కువైన అంత దూరము పోవును, గోడలను, చెట్లను దాటును. 700 మెగాహెర్ట్జుల సిగ్నలు కొబ్బరి, మామిడి తోటలలో 2100కంటె బాగుగా నిలచును. ఆకులలోని నీరు పై తరంగములను ఎక్కువగా పీల్చును. కనుకనే వర్షాకాలమున తోట దట్టమైనప్పుడు సిగ్నలు తగ్గినట్లు కనబడును. 5జి పై తరంగములలో వేగమెక్కువ, దూరము తక్కువ.

మోటారు స్టార్టరు విషయమున హెచ్చరిక

ఇది అన్నిటికంటె ముఖ్యము. మొబైలు స్టార్టర్లలో పెక్కింటియందు 2జి పరికరమే కలదు. కంపెనీలు పాత సేవలను మూసి, ఆ తరంగములను క్రొత్త సేవకు మరల్చుచుండును. ఎయిర్‌టెల్ 3జిని 2020 నాటికి చాలవరకు ఇట్లే మూసివేసినది. రేపు మీ టవరుపై 2జి ఆగినచో స్టార్టరు పలుకదు. జియో సిమ్ము వేసినచో 2జి స్టార్టరు నేడును పనిచేయదు.

మోటారు మొదలుకాకపోవుట ఒక నష్టము. ఆగకపోవుట అంతకంటె పెద్ద నష్టము. బోరు ఎండి, మోటారు వట్టిగా తిరిగి చుట్ట కాలిపోవును. అర్ధరాత్రి కరెంటు వచ్చువేళ పాములకు వెరచి స్టార్టరు పెట్టించుకొన్న రైతు, మరల చీకటిలో చేనికి నడువవలసివచ్చును. కావున,

సిమ్ము మార్చుటకు ముందు స్టార్టరుపై చీటీ చూచి అది 2జిదా, 4జిదా తెలిసికొనవలెను.

క్రొత్తది కొనునప్పుడు 4జి పరికరము గలదానినే అడుగవలెను.

నీరు లేనప్పుడు తనంతట ఆగు రక్షణ, నిర్ణీత సమయమునకు ఆపు టైమరు తప్పక ఉండవలెను. ఇవి నెట్‌వర్కుపై ఆధారపడక మోటారును కాపాడును.

మోసములు

మార్పు కాలమున మోసగాండ్రు కూడ బయలుదేరుదురు. "మీ సిమ్ము నేడే ఆగిపోవును, ఓటీపీ చెప్పుడు" అని ఫోను చేయుదురు. ఓటీపీ చెప్పినచో మీ నంబరు వారి చేతికి పోయి, బ్యాంకు ఖాతా ఖాళీయగును. సిమ్ము మార్పు కార్యాలయమునందే చేయించుకొనుడు. లింకులు నొక్కకుడు.

"మీ చేనులో టవరు పెట్టెదము, నెలకు ఇంత అద్దె, ముందుగా రుసుము కట్టుడు" అనువారిని నమ్మరాదు. టవరు కొరకు స్థలమిచ్చువారినుండి ట్రాయి గాని టెలికాం శాఖ గాని రుసుము వసూలు చేయదు, నిరభ్యంతర పత్రములను అమ్మదు. అద్దె ఇచ్చువారు మీకు డబ్బు ఇచ్చెదరు, మీనుండి పుచ్చుకొనరు. డబ్బు పోయినచో ఆలస్యము చేయక 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలిపిన, సొమ్మును దారిలో ఆపుటకు అంత అవకాశముండును.

చేయవలసిన పని

ఈ వారమే ఇంటిలోని సిమ్ములను, ఫోనులను, మోటారు స్టార్టరును పరీక్షించుకొనుడు. ఇవి సరిగానున్నను వేగము రానిచో, లోపము టవరువద్దనో, దాని దారిలోనో ఉన్నదని తెలియును. అప్పుడు ఒక్కొక్కరుగా కాక, ఊరివారు కలిసి, ఏ వేళలలో, ఏ చోట సేవ అందుటలేదో వ్రాసి, కంపెనీకి ఫిర్యాదు చేసి, దాని నంబరు తీసికొనవలెను. కాలువ పూడిక తీయించుటకు ఆయకట్టు రైతులందరు కలిసి అడిగినప్పుడే పని జరుగును. ఇదియు అట్టిదే.