రాకెట్ నుంచి కౌంటర్ దాకా: సీసీ కెమెరా కథ

1942లో జర్మనీ ఉత్తర తీరాన పీనెమ్యూండే అనే చోట వీ-2 రాకెట్లను పరీక్షిస్తున్నారు. టన్నులకొద్దీ ఆల్కహాలు, ద్రవ ఆక్సిజన్ నింపుకున్న రాకెట్ అది. పైకి లేస్తుందో, ఉన్నచోటే పేలుతుందో ఎవరూ చెప్పలేరు. దగ్గరుండి చూడకపోతే లోపం అంతుపట్టదు. దగ్గరుంటే ప్రాణానికి భరోసా లేదు. ఇంజనీరు వాల్టర్ బ్రూఖ్ ఈ చిక్కు విప్పాడు. ప్రయోగవేదిక దగ్గర టీవీ కెమెరాలు పెట్టి, ఆ దృశ్యం తీగల వెంట వెళ్లి దూరంగా ఉన్న తెర మీద కనిపించేలా ఏర్పాటు చేశాడు. మామూలు టీవీ ప్రసారం గాలిలో బయల్దేరి రిసీవరున్న ప్రతి ఇంటికీ చేరుతుంది. ఇక్కడ బొమ్మ ఆ తీగ దాటి బయటికి పోదు. క్లోజ్డ్ సర్క్యూట్ టెలివిజన్, అంటే సీసీటీవీ, చరిత్రను సాధారణంగా ఇక్కడి నుంచే మొదలుపెడతారు.

ఆ రాకెట్లు తర్వాత లండన్, ఆంట్‌వెర్ప్ నగరాల మీద పడి వేలమందిని బలిగొన్నాయి. వాటిని కనిపెట్టుకుని ఉన్న కెమెరా మాత్రం యుద్ధం ముగిశాక పౌరజీవితంలోకి వచ్చింది.

దాని జీవితంలో రెండో మలుపు న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో వచ్చింది. మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అక్కడొక నర్సు, ఆఫ్రికన్ అమెరికన్ మహిళ. వేళాపాళా లేని డ్యూటీలు. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరైనా తలుపు తడితే భయం. పోలీసులు పిలిచిన వెంటనే వచ్చే పేట కాదు. ఎలక్ట్రానిక్స్ పని తెలిసిన భర్త ఆల్బర్ట్‌తో కలిసి ఆమె ఒక ఏర్పాటుకు రూపమిచ్చింది. తలుపుకు వేర్వేరు ఎత్తుల్లో నాలుగు రంధ్రాలు, వాటి వెనక కిందికీ పైకీ కదిలే కెమెరా, పడకగదిలో తెర, వచ్చినవాళ్లతో మాట్లాడటానికి మైకు, గదిలోంచే తలుపు గడియ తీసే మీట. ప్రమాదమనిపిస్తే సాయం కోసం నొక్కడానికి ఇంకో మీట. 1966లో దరఖాస్తు చేసుకుంటే 1969 డిసెంబర్ 2న పేటెంటు దక్కింది.

రాకెట్ దగ్గరా, నర్సు ఇంట్లోనూ తెర ముందు కూర్చున్నది ప్రమాదం అంచున ఉన్న మనిషే. కెమెరా ఆ మనిషి పక్షాన చూసింది.

అప్పటి కెమెరాల్లో గాజు గొట్టాలుండేవి. బరువెక్కువ, ఖరీదూ ఎక్కువే. 1969లో బెల్ ల్యాబ్స్‌లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కలిసి సీసీడీ అనే సిలికాన్ చిప్పును కనిపెట్టారు. వెలుగు పడినచోట సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు పోగుపడతాయి. ఇల్లు అంటుకున్నప్పుడు జనం వరసగా నిలబడి నీళ్ల బిందెలు అందించుకున్నట్టు, ఒక గడి నుంచి పక్క గడికి ఆ ఎలక్ట్రాన్లు చేతులు మారుతూ చిప్పు అంచుకు చేరతాయి. అక్కడ వాటి లెక్క తీస్తే బొమ్మ తయారవుతుంది. ఈ ఆవిష్కరణకు 2009లో ఆ ఇద్దరికీ భౌతికశాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది. 1996లో స్వీడన్‌కు చెందిన యాక్సిస్ కంపెనీ కెమెరాను నేరుగా కంప్యూటర్ నెట్‌వర్క్‌కు కలిపింది. అంతకుముందు టేపు నిండిపోయేది, చూసేవాడి కళ్లు అలిసిపోయేవి. ఆ రెండు పరిమితులూ పనిచేసేవాళ్లకు తెలియకుండానే కొంత ఊపిరాడనిచ్చాయి. ఇప్పుడు హార్డ్ డిస్కు నెలల తరబడి దాస్తుంది. యజమాని ఏ ఊళ్లో ఉన్నా ఫోన్‌లో చూస్తాడు.

పనివాళ్లందరినీ ఒకేచోటు నుంచి కనిపెట్టాలన్న ఆలోచన మాత్రం కెమెరాకంటే ఎంతో పాతది. 1780లలో రష్యా సామ్రాజ్యంలోని క్రిచెవ్ ఎస్టేటులో శామ్యూల్ బెంథామ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు కార్మికుల మీద అజమాయిషీ కోసం మధ్యలో పర్యవేక్షకుడుండే గుండ్రటి కట్టడాన్ని ఊహించాడు. అతని అన్న జెరెమీ దాన్నే జైలు నమూనాగా మలిచి పనాప్టికాన్ అన్నాడు. పర్యవేక్షకుడు ఏ క్షణాన చూస్తున్నాడో లోపలివాళ్లకు తెలియకూడదు, అందువల్ల ప్రతి క్షణమూ అణిగి ఉండాలి. దాని కీలకమంతా ఇదే. షాపు సీలింగుకు వేలాడే నల్లటి గుండ్రటి కెమెరా చేసే పని కూడా అదే.

మన దగ్గర కెమెరాలు భద్రత పేరుతో వచ్చాయి. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తెచ్చిన ప్రజాభద్రతా చట్టం జనం ఎక్కువగా వచ్చే సంస్థలన్నీ వీటిని పెట్టుకోవాలంది. గుమ్మం దగ్గర మొదలైన కెమెరా మెల్లగా కౌంటర్ మీదికి, అక్కణ్నుంచి కౌంటర్ వెనక నిలబడ్డ మనిషి మీదికి తిరిగింది. బట్టల షాపులో సేల్స్ గర్ల్ కాసేపు స్టూలు మీద కూర్చుంటే ఫోన్ మోగుతుంది. ఆమె కూర్చోవడం తెర మీద కనిపిస్తుంది. పొద్దుట్నుంచి నిలబడి కాళ్లు లాగుతున్న సంగతి కనిపించదు.

ఇంత నిఘా వల్ల పని పెరుగుతుందా? ఈథన్ బెర్న్‌స్టీన్ అనే పరిశోధకుడు దక్షిణ చైనాలోని ఒక పెద్ద మొబైల్ ఫోన్ల ఫ్యాక్టరీలో దీన్ని పరిశీలించి 2012లో ఫలితాలు ప్రచురించాడు. అక్కడ కెమెరాల మాట అటుంచితే, షెడ్డంతా తెరిచి ఉండి సూపర్‌వైజర్ల కళ్లెప్పుడూ పనివాళ్ల మీదే ఉండేవి. కార్మికులు తమ అనుభవంతో త్వరగా పనయ్యే పద్ధతులు కనిపెట్టుకున్నారు. పైవాళ్లు వస్తుంటే వాటిని దాచి, నిబంధనల ప్రకారం నెమ్మదిగా చేసేవారు. కొన్ని లైన్ల చుట్టూ పరదాలు కట్టించి చూస్తే ఉత్పత్తి 10 నుంచి 15 శాతం పెరిగింది. కళ్లు పక్కకు తప్పుకున్నాక తోటివాళ్లతో చెప్పుకుని, సరిదిద్దుకుని, కొత్త పద్ధతులు ధైర్యంగా ప్రయత్నించారు.

ఉద్యోగుల మీద ఎలక్ట్రానిక్ నిఘా గురించి 23 వేలకు పైగా మందికి సంబంధించిన అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ 2022లో వచ్చింది. నిఘా వల్ల పనితీరు మెరుగుపడిందనడానికి ఆధారం దొరకలేదు. ఒత్తిడి మాత్రం పెరిగింది. ఎందుకు, ఎంతమేరకు చూస్తున్నారో ముందే చెప్పి, అతిగా జోక్యం చేసుకోని చోట్ల ఉద్యోగుల అభిప్రాయం మెరుగ్గా ఉంది. గల్లాపెట్టెలో చేతివాటానికి నిఘా అడ్డుకట్ట వేయగలదు, అది నిజం. కానీ కొనుగోలుదారుతో ఓపికగా మాట్లాడటం, కొత్తగా చేరిన పిల్లకు పని నేర్పడం, తప్పు జరిగితే దాచకుండా చెప్పడం నమ్మకం ఉన్నచోటే సాగుతాయి. అనుమానించే కన్ను కింద మనిషి పని చేయడం మాని, పని చేస్తున్నట్టు కనిపించడం నేర్చుకుంటాడు.

ఈ సంగతిని న్యాయభాషలో చెప్పిన తెలుగువాడున్నాడు. 1962లో ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పోలీసుల నిఘాకు సంబంధించిన కేసు అది. రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు మెజారిటీతో విభేదించారు. నిఘా నీడలో తిరిగే మనిషి కాళ్లకు సంకెళ్లు లేకపోయినా స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కాదనీ, గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో భాగమనీ రాశారు. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించి, ఆ భిన్నాభిప్రాయమే సరైనదని తేల్చింది. అయినా 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, ఉద్యోగ అవసరాలకూ, నష్టం నుంచి యజమానిని కాపాడటానికీ ఉద్యోగి సమ్మతి లేకుండా సమాచారం వాడుకునే వెసులుబాటు ఇచ్చింది. కాబట్టి ఉద్యోగి గౌరవం ఇప్పటికి చాలావరకు యజమాని విచక్షణ మీదే ఆధారపడి ఉంది.

యజమానులకు ఒక విన్నపం. కెమెరాను గుమ్మం వైపు, గల్లాపెట్టె వైపు, చేతులు నలిగే ప్రమాదమున్న యంత్రం వైపు తిప్పండి. అన్నం తినేచోటు నుంచి, నడుం వాల్చేచోటు నుంచి తీసేయండి. ఎక్కడ పెట్టారో, ఎన్నాళ్లు దాస్తారో, ఎవరు చూస్తారో గోడ మీద తెలుగులో రాసిపెట్టండి. ఎవరి మీదైనా నింద పడితే ఆ ఫుటేజీని వాళ్లకూ చూపించండి. ఇవన్నీ పైసా ఖర్చు లేని పనులే, ఈరోజే చేయొచ్చు.