డిమెన్షియా
జ్ఞాపకశక్తి, ఆలోచన, నిర్ణయశక్తి క్రమంగా క్షీణించి రోజువారీ పనులకు అడ్డుపడే స్థితి డిమెన్షియా. ఇది ముసలితనపు మతిమరుపు కాదు. 1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ వర్ణించిన వ్యాధి దీనికి ప్రధాన కారణం. భారతదేశంలో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 7.4 శాతం మందికి ఇది ఉందని 2023లో వెలువడిన అంచనా.

పిల్లలు గల్ఫ్‌కో హైదరాబాద్‌కో వెళ్లిపోగా కోనసీమలోని అమలాపురం, రాజోలు, కొత్తపేట పల్లెల్లో మిగిలిన పెద్దల్లో తొలి మార్పును పసిగట్టగలిగేది ఇరుగుపొరుగే. తెలిసిన కాలువగట్టు మీదే దారి తప్పడం, అడిగిందే అడగడం, డబ్బు లెక్కలో తడబడటం దాని గుర్తులు. ‘చాదస్తం’ అని కొట్టిపారేస్తే విలువైన కాలం పోతుంది.

రక్తపోటు, మధుమేహం, వినికిడి లోపం, ఒంటరితనం వంటి 14 ముప్పులను తొలగించగలిగితే దాదాపు 45 శాతం కేసులను నివారించవచ్చని, లేదా వాయిదా వేయవచ్చని 2024లో లాన్సెట్ కమిషన్ అంచనా వేసింది. సాయం కావాలంటే వృద్ధుల సహాయవాణి నంబరు 14567.