మొండితనము కాదు, నెలల లోటు



నాలుగేళ్ల బిడ్డను గూర్చి మన గ్రామాలలో ఒక ఫిర్యాదు తరచుగా వింటుంటాము. "చెంబు తెమ్మంటే గుమ్మం దాకా పోయి మరచిపోతాడు. కూర్చోమంటే కూర్చోడు. ఒక ఆట మానిపిస్తే నేల మీద పడి ఏడుస్తాడు." ఇంట్లో మొండివాడంటారు, అంగన్‌వాడీలో అల్లరివాడంటారు. చివరకు బెత్తము బయటికి వస్తుంది. బెత్తము పట్టుకొనే ముందు ఒక్క ప్రశ్న వేసుకొమ్మని మేము కోరుతున్నాము: ఈ బిడ్డ ఎన్నో నెలలో పుట్టాడు?

37 వారాలు నిండకముందు పుడితే నెలలు నిండని కాన్పు అంటారు. 2020లో మన దేశంలో అటువంటి బిడ్డలు సుమారు 30 లక్షలమంది పుట్టారు. మరి ఏ దేశంలోను అంతమంది లేరు. తల్లికి రక్తహీనత, మలేరియా, చిన్న వయసులో పెండ్లి, కాన్పుకు కాన్పుకు మధ్య ఎడము లేకపోవడం వంటివి ఇందుకు కారణాలు కావచ్చునని వైద్యులు చెబుతారు. ఖమ్మం నుండి భద్రాచలం అడవి అంచు వరకు ఉన్న పల్లెలకు ఇవి కొత్త మాటలు కావు. నిండు నెలలలో కూడ మిరప కోతలకు, తునికాకు సేకరణకు పోయే తల్లులు మనకు తెలుసు. ఒకప్పుడు తక్కువ నెలల బిడ్డలు చాలామంది దక్కేవారు కారు. నేడు వైద్యము వల్ల దక్కుతున్నారు. దక్కిన బిడ్డను ఎట్లా పెంచాలన్నదే ఇప్పుడు మన పని.

తల్లి కడుపులో చివరి వారాలు మెదడుకు ఎంతో విలువైనవి. 34వ వారంలో బిడ్డ మెదడు బరువు, నిండు నెలలనాటి బరువులో సుమారు 65 శాతమే. మిగిలిన ఎదుగుదల బయటి వెలుతురులో, చప్పుళ్లలో జరగవలసి వస్తుంది. నుదుటి వెనుక ఉండే మెదడు భాగము మూడు పనులకు ముఖ్యము. విన్న మాటను పని అయ్యేవరకు గుర్తులో ఉంచుకోవడం ఒకటి. తొందరను ఆపుకోవడం రెండవది. పద్ధతి మారినప్పుడు తానూ మారడం మూడవది. వైద్యులు వీటిని కలిపి 'ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్స్' అంటారు. ఏ బిడ్డకైనా ఇవి మెల్లగా వస్తాయి. నెలలు తక్కువైన బిడ్డలలో కొందరికి మరింత ఆలస్యము కావచ్చు. ఎంత ముందుగా పుడితే అంత ఎక్కువ ఇబ్బంది ఉండవచ్చు. అందరికీ వస్తుందని మాత్రము కాదు.

బ్రిటన్, ఐర్లాండ్ దేశాలలో 1995లో 26 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డలను వైద్యులు ఏళ్ల తరబడి గమనించారు. 11 ఏళ్ల వయసులో కూడ వారిలో ధ్యాస నిలవని ఇబ్బంది, తోటి పిల్లలకంటె ఎక్కువగా కనబడింది. అంటే ఇది తల్లి గారాబము వల్ల వచ్చినది కాదు, దెబ్బలతో పోయేది కాదు. భయపడిన బిడ్డకు చెప్పిన మాట ఇంకా త్వరగా జారిపోతుంది.

ఆశ కలిగించే సంగతి కూడ ఉన్నది. తక్కువ బరువు బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి, చర్మానికి చర్మము తగిలేలా ఉంచే 'కంగారూ' పద్ధతి 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరంలో మొదలైంది. అట్లా పెరిగినవారిని 20 ఏళ్ల తరువాత పరిశీలించి, 2017లో ఫలితాలు ప్రచురించారు. వారిలో దుడుకుతనము, బడి మానడము తక్కువగా ఉన్నాయి. మెషీను కంటె ముందు మనిషి ఒడి ఉన్నదని దీనివల్ల తెలుస్తుంది.

మరి ఇంట్లో ఏమి చేయాలి? ఒకసారి ఒక్క పనే చెప్పండి. బిడ్డ దగ్గరకు పోయి, కండ్లలోకి చూచి చెప్పండి. చెప్పిన మాటను తిరిగి చెప్పించండి. ఆట మానిపించవలసి వస్తే ముందుగా, "ఇంకొక్కసారి ఆడి లేద్దాము" అని తెలియజేయండి. లేవడము, తినడము, పడుకోవడము ప్రతి దినము ఒకే వరుసలో జరగనివ్వండి. దాగుడుమూతలు, నేల–బండ ఆడించండి. అయిదేళ్లకు వామనగుంతలు నేర్పండి. తన వంతు వచ్చేవరకు ఆగడము ఈ ఆటలలోనే అలవడుతుంది. నాయనమ్మలు, అమ్మమ్మలు ఈ పనికి మంచి గురువులు.

మొదట చెవులు, కండ్లు పరీక్ష చేయించడం మరువకండి. ముందుగా పుట్టిన బిడ్డలకు వినికిడి, చూపు లోపాలు కూడ రావచ్చు. వినబడని బిడ్డ మాట వినని బిడ్డలాగే కనబడతాడు. ఇంట్లో కోయ భాష మాట్లాడే బిడ్డకు తెలుగులో చెప్పినది అర్థము కాకపోయినా అట్లాగే కనబడతాడు.

అన్నింటికంటె ముఖ్యమైనది ఒకటి. ఆసుపత్రివారు ఇచ్చిన డిశ్చార్జి కాగితము ఇంటి పట్టాతో సమానముగా దాచుకోండి. బిడ్డను చేర్చే రోజున అంగన్‌వాడీ టీచరమ్మకు, తరువాత బడి పంతులుగారికి, సండే స్కూలు టీచరుకు, "మా బిడ్డ ఇన్ని వారాలకే పుట్టాడు" అని చెప్పండి. ఇది దాచవలసిన అవమానము కాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము కింద, వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలలో పిల్లలను పరీక్షించవలసి ఉన్నది. ఆ బృందము వచ్చినప్పుడు కాగితము చూపించండి. అవసరమైతే బిడ్డను జిల్లా ఆసుపత్రికి పంపమని అడగండి. ఈ సేవకు డబ్బు కట్టనక్కరలేదు.

తక్కువ నెలలలో పుట్టిన బిడ్డకు మనము ఇవ్వగలిగినది ఓర్పుతో కూడిన సమయము. ఈ నెల మీ ఇంట్లో, మీ పొరుగింట్లో అటువంటి బిడ్డ ఎవరైనా ఉన్నారేమో చూడండి. ఉంటే ఆ కాగితము వెదకి తీయండి.