అండమాను దీవులలో మన తీరపు తెలుగువారు

బారువ ఒడ్డున గాని, ఉద్దానపు మత్స్యకార పల్లెలలో గాని “మావాడు అండమానులో ఉన్నాడండి” అను మాట కొత్తది కాదు. బంగాళాఖాతపు ఆవలి అంచున ఉన్న ఆ దీవులలో, 2011 జనాభా లెక్కల ప్రకారము, నూటికి సుమారు 13 మందికి తెలుగే మాతృభాష. వారిలో అనేకులు శ్రీకాకుళం, విశాఖపట్నం తీరములనుండి వెళ్ళిన కుటుంబములవారు. విశాఖలో ఓడ ఎక్కితే దాదాపు మూడు దినముల ప్రయాణము.

ఎందుకు వెళ్ళారు? మనది ఇసుక తీరము. ఎదురు అలలమీదికి తెప్పను నెట్టుకొని పోవాలి. తుఫాను వచ్చినదంటే వల పోవును, కొబ్బరిచెట్టూ పోవును. 2018 అక్టోబరులో తిత్లీ చేసిన నష్టము మనమెవరమూ మరువలేదు. అక్కడ పోర్టుబ్లెయిరులోని జంగ్లీఘాట్ వంటి చోట్ల (2024లో ఆ పట్టణమునకు శ్రీ విజయపురం అని పేరు పెట్టారు) సముద్రము లోపలికి చొచ్చుకొనివచ్చి నెమ్మదిగా ఉండును. పడవ కట్టుకొనుటకు అనుకూలము.

అయితే పని సులువని తలంచవద్దు. అనేక చోట్ల నీటి అడుగున పగడపు దిబ్బలుండుటచేత వల చిరిగిపోవును. అందుచేత ఇంజను పడవలలో పోయి గాలములతో పట్టుదురు. డీజిలు, ఐసు ఖర్చులు పోగా మిగిలినదే ఇంటికి. ఒడ్డు చేరిన చేపను తట్టకెత్తుకొని బజారులో బేరమాడేది స్త్రీలే. (ఇక్కడా అంతే గదా!) ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 దినములు, మర పడవలకు వేట నిషేధము. 2004 డిసెంబరు 26, క్రిస్మస్ మరునాటి ఆదివారము, సునామీలో పడవలు పోగొట్టుకొన్నవారు మరల మొదటినుండి ఆరంభింపవలసి వచ్చినది.

మమ్మును కలతపెట్టుచున్నది వేరొకటి. ఇంట తెలుగు, వీధిలో హిందీ. బెంగాలీలు, తమిళులు, మనవారు కలిసిన చోట హిందీతోనే బేరము జరుగును. అందులో తప్పు లేదు. కాని ఉద్యోగము ఆశించు తలిదండ్రులు పిల్లలను ఇంగ్లీషు చదువుకే పంపుచున్నారు. నానమ్మతో మన యాసలో చక్కగా కబుర్లాడు పిల్లవాడు, ఆమె తన బైబిలు చేతికిచ్చి “ఒక వచనము చదవరా” అంటే అక్షరముల దగ్గరే ఆగిపోవును.

సెలవులకు అటువంటి బంధువులు మీ ఇంటికి వచ్చినచో, తిరుగు ప్రయాణపు మూటలో ఒక పెద్ద బాలశిక్ష కూడ పెట్టండి. పలాస జీడిపప్పు ఎలాగూ పెడతారు.