అర్బుద నిర్ణయమున అయస్కాంత కణములు

సంస్కృతమున ‘అయస్సు’ అనగా ఇనుము. దానికి ప్రియమైనది అయస్కాంతము. తెలుగువారు దానినే సూదంటురాయి యనిరి. ఈ పదార్థము సూక్ష్మ కణరూపమున క్యాన్సరు ఉనికిని తెలుపుట కెట్లుపయోగపడునో, అట్టి ద్రవ్యమును తెలుగున ఏమని వ్యవహరింపవలెనో ఇచ్చట విచారింతుము.

నామవిచారము నిష్ప్రయోజనము కాదు. హైదరాబాదు తూర్పు భాగమున గడ్డిఅన్నారము, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతములందును నేడు ఎం.ఆర్.ఐ. పరీక్ష సామాన్యు లెరిగిన మాట. అవసరమైనచో పరీక్షా సమయమున నరమున కెక్కించు ద్రవమును ‘కాంట్రాస్టు మందు’ అందురు. మందనగానే రోగి దానిని చికిత్సగా తలచుట సహజము. అది రోగమును మాన్పునది కాదు, చూపునకు తోడ్పడునది. కావున దానిని ‘భేదదర్శకము’ అనుట యుక్తమని మా అభిప్రాయము.

ఎం.ఆర్.ఐ. యంత్రము బలమైన అయస్కాంత క్షేత్రమున శరీరములోని నీటియందలి హైడ్రోజను కేంద్రకముల స్పందనను గ్రహించి చిత్రము కల్పించును. ఐరన్ ఆక్సైడు కణములు తమ చుట్టునున్న క్షేత్రమును కలత పరచును. అచ్చటి స్పందన త్వరగా క్షీణించి, చిత్రమున ఆ చోటు నల్లబడును. నానోమీటరనగా మీటరులో నూరుకోట్లవ వంతు. సుమారు 20 నానోమీటర్లకు లోబడిన రేణువులు క్షేత్రము తొలగగానే అయస్కాంతత్వమును కోల్పోవును. కావున అవి రక్తమున నొకదాని నొకటి ఆకర్షించి గుమిగూడవు.

ఇచ్చట గమనింపదగిన విశేష మొకటి కలదు. ఈ కణములు క్యాన్సరును వెదకి పట్టుకొనవు. కాలేయమందలి కుప్ఫరు కణములు వీనిని మ్రింగును. ఆరోగ్యవంతమైన భాగము నల్లబడును. కుప్ఫరు కణములు లేని అర్బుదము తెల్లగా మిగులును. అనగా రోగము తాను మారక, పరిసరము మారుటచే బయటపడును. అయితే కొన్ని అర్బుదములందును కుప్ఫరు కణము లుండును గనుక ఈ లక్షణము సర్వత్ర ప్రమాణము కాదు.

శోషరస గ్రంథుల విషయమునను ఇదియే న్యాయము. 2003లో హరిసింఘానీ ప్రభృతులు ప్రోస్టేటు క్యాన్సరు గల 80 మందియందు 334 గ్రంథులను పరీక్షించిరి. సాధారణ చిత్రణము వ్యాధిగ్రస్త గ్రంథులలో 35.4 శాతమును మాత్రమే గుర్తింపగా, కణముల తోడ్పాటుతో 90.5 శాతము గుర్తింపబడెను. గ్రంథి పెరుగక పూర్వమే వ్యాధి తెలియుట దీని ఫలము.

అయినను వీని చరిత్ర ఒడుదుడుకులు లేనిది కాదు. 1996లో అమెరికాయందు అనుమతి పొందిన ఫెరుమాక్సైడుల ఉత్పత్తి తరువాత నిలిచిపోయెను. నేటికిని అధికముగా వాడబడునది వెలుగును పెంచు గడోలినియమే. 2009లో మూత్రపిండ రోగుల రక్తహీనతకై అనుమతి పొందిన ఫెరుమాక్సిటాలును కొందరు వైద్యులు చిత్రణమునకును వినియోగించిరి. తీవ్రమైన ఎలర్జీ కలుగవచ్చునని 2015లో దానిపై గట్టి హెచ్చరిక చేర్చబడెను.

కణమును అర్బుదమువైపు నడిపించు యత్నమున మన తెలుగువాని కృషియు స్మరణీయము. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వమున లెడర్లీ పరిశోధకులు 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారు చేసిరి. అండాశయాది క్యాన్సరు కణములు పెక్కింటిపై ఫోలేటును గ్రహించు గ్రాహకములు అధికముగా నుండును. కావున పరిశోధకులు అయస్కాంత కణములకు ఫోలిక్ ఆమ్లమును పూసి ప్రయోగశాలలయందు పరీక్షించుచున్నారు. ఇది రోగులకు నిత్యోపయోగముగా రాలేదు. వచ్చిననాడు అది వ్యాధిని చూపునది మాత్రమే యని రోగికి తెలియవలెను. అందులకు తగిన తెలుగు మాటను సిద్ధపరచుట భాషాధ్యయనపరుల కర్తవ్యము.