ఫైలు పేర్లలో అక్షరభేదం

ఫైలు పేర్లలో అక్షరభేదం అనగా ఆంగ్ల లిపిలోని పెద్ద, చిన్న అక్షరాలను ఫైలు వ్యవస్థ వేర్వేరుగా పరిగణించే గుణం. ఉదాహరణకు బాలాపూర్ అనే పేరును ఆంగ్లంలో ఒకమారు పెద్ద అక్షరంతో, మరొకమారు చిన్న అక్షరంతో మొదలుపెడితే సాధారణంగా లినక్స్‌లో అవి రెండు ఫైళ్ళు, విండోస్‌లో ఒక్కటే.

నెట్‌వర్కు ఫైలు సర్వరు ఈ గుణాన్ని క్లయింటుకు తెలియజేయాలి. ఎన్‌ఎఫ్‌ఎస్ 3వ కూర్పులో (1995) ఇందుకు పాత్‌కాన్ఫ్ అనే విన్నపం ఉంది. లినక్స్ సర్వరు చాలాకాలం ఫైలు వ్యవస్థను విచారించకుండా, దాదాపు అన్నిటికీ "భేదం కలదు" అనే జవాబిచ్చింది. అయితే 2019లో వెలువడిన లినక్స్ 5.2 నుండి ఈఎక్స్‌టీ4లో కోరిన డైరెక్టరీకి ఈ భేదాన్ని తొలగించవచ్చు. అట్టిచోట ఆ జవాబును నమ్మి రెండవ ఫైలును రాస్తే మొదటిది చెరిగిపోగలదు.

తెలుగు లిపిలో పెద్ద, చిన్న అక్షరాలు లేవు గనుక తెలుగు పేర్లకు ఈ చిక్కు లేదు.